దయ్యపు ఎలక్ట్రాన్‌కు జేజేలు

కంప్యూటర్ తప్పు చేసిందని తిట్టేవాళ్ళంత కృతఘ్నులు ఈ లోకంలో లేరు!

లిథువేనియా రాజధాని విల్నియస్‌లోని మా పరిశోధన సంస్థలో పనేమిటంటే, కాంతితో పోటీపడి పరుగెత్తే ఎలక్ట్రాన్ తీరును డిరాక్ సమీకరణంతో లెక్కించడం. కంప్యూటర్‌కు స్థలాన్ని గళ్ళు గళ్ళుగా కోసి ఇవ్వాలి. నేను రాసిన పాత ప్రోగ్రామ్‌కు ఒక సుగుణం ఉండేది. ఒక ఎలక్ట్రాన్‌ను వేస్తే రెండు తేలేవి! రెండోది ఆ గళ్ళు పుట్టించిన దయ్యం. పొడవు ఒక్కటే లెక్కిస్తే రెండు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ లెక్కిస్తే ఏకంగా ఎనిమిది!

ఇంతకన్నా దయగల తప్పు ఎక్కడైనా ఉందా? ఒంటరిగా వచ్చినదాన్ని ఒంటరిగా పంపదు. నా భార్య ఆల్దోనా పోయాక మా వంటింటి బల్ల మీద ఒక కప్పు పెడితే ఒకటే ఉంటోంది. ప్రకృతికి ఈపాటి మర్యాద తెలియదు!

పైగా లోకోపకారం చూడండి. ఏది అసలు, ఏది దయ్యం అని తేల్చడానికి ప్రతి శుక్రవారం మధ్యాహ్నం కూర్చునేవాళ్ళం. వాదించాలంటే ఓపిక కావాలి కదా! మా జట్టులో చిన్నమ్మాయి జివిలే తన ఇంటి నుంచి చల్లటి బీట్‌రూట్ సూప్, వేడి బంగాళాదుంపలు తెచ్చేది. తోటి పరిశోధకుడు వీతెనిస్ నేను దయ్యమన్నదే అసలైనదని రుజువు చేసేవాడు. నేను మీగడ గిన్నె అతనికి అందకుండా జరిపి ఖండించేవాణ్ణి.

చివరికి ఆ జివిలేయే కొంప ముంచింది. సంఖ్యల్లో సగాన్ని అర గడి పక్కకు జరిపి, దయ్యం పుట్టని కొత్త ప్రోగ్రామ్ రాసింది. పరీక్షించే బాధ్యత నాది.

"తప్పుందని ఒక్క మాట అనండి సార్, పాతదే ఉంచేద్దాం," అని వీతెనిస్ కన్నుగీటాడు.

ఎంతో ఆశగా వెతికాను. ఎలక్ట్రాన్ ఒక్కటే! సరిగ్గా ఉందని ఒప్పుకోక తప్పలేదు.

ఆ వారం వాదన లేదు, కాబట్టి భోజనమూ లేదు. ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు.

పాఠకులారా, దయ్యం మీద నాకు ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. కానీ లెక్క సరిపోయినవాళ్ళు కలిసి తినకూడదని ఏ సమీకరణంలో రాసి ఉంది?

మొన్న శుక్రవారం తెర ముందు కూర్చుని ఉంటే జివిలే తలుపు తోసింది.

"ఇంకా ఏం వెతుకుతున్నారు మాస్టారూ?"

"నీ ప్రోగ్రామ్‌లో దయ్యాన్ని. ఎక్కడో నక్కి ఉంటుంది."

"ఉండదు గాక ఉండదు. సూప్ మాత్రం ఉంది. త్వరగా రండి, వీతెనిస్ అప్పుడే గరిటె పట్టుకున్నాడు."

రెండు గిన్నెలు తాగాను. రెండోది దయ్యం వాటా.