నూట పన్నెండో పేజీలో పోయినవాడు

ఎమర్జెన్సీ వార్డులో నర్సుగా పనిచేస్తున్న చిన్నదానికి పద్నాలుగు నెలల తర్వాత పది రోజుల సెలవు దొరికింది. ఇంటికి వచ్చిన మర్నాటికే ఆమె పథకం సిద్ధం: పొద్దున పుస్తకాలు, మధ్యాహ్నం సినిమాలు, మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఊఁ కొట్టడం. పెట్టెలో బట్టలకంటే పుస్తకాలే ఎక్కువ. ఎనిమిదింటికల్లా ముందుగదిలో కిటికీ పక్కకు కుర్చీ లాక్కుని, లావుపాటి నవలలో తల దూర్చేసింది.

నవలలో ఒక ముసలి పడవవాడు ఉన్నాడు. అంతసేపూ ఆమెను నవ్వించి నవ్వించి, నూట పన్నెండో పేజీలో చెప్పాపెట్టకుండా చచ్చిపోయాడు. వార్డులో ఏడవడానికి తీరిక లేని మనిషి, ఇక్కడ తీరిక దొరికేసరికి కట్ట తెగినట్టు ఏడ్చింది. సరిగ్గా అప్పుడే అమ్మ టీ తెచ్చింది. ఒళ్లో పుస్తకం ఉంది గానీ, కూతురి కళ్లు చూశాక అమ్మకు ఇంకేమీ కనిపించలేదు.

"ఏమైందే?"

"ఏం లేదమ్మా. పోయాడు."

"ఎవరు?"

"నీకు తెలీదులే," అంటూ చిన్నది పేజీ తిప్పింది.

అమ్మ టీ కప్పుతోనే వెనక్కి తిరిగింది. తనకు తెలియని వాడెవడో ఉన్నాడు, వాడు దీన్ని వదిలేసి పోయాడు. అంతవరకు ఆమెకు అర్థమైంది. మిగతాది ఎదురింటి పిన్ని వచ్చి అర్థం చేసిపెట్టింది. పది రోజుల సెలవు ఊరికే ఎవరిస్తారు, ఉద్యోగం కూడా మానేసి ఉంటుందని తేల్చింది. ఏమీ అడగొద్దంది. ఒంటరిగా వదలొద్దంది. ముందు జాగ్రత్తగా కుట్టుమిషను మీది కత్తెర తీసి తన సంచిలో దాచేసింది. చిన్నది స్నానానికి లేస్తే, లోపల గడియ పెట్టుకోవద్దని ఇద్దరూ బతిమాలారు. గడియ పాడైందేమో అనుకుని ఆమె సరేనంది.

నాన్న రిటైరైన బస్సు డ్రైవరు, పెద్దగా మాట్లాడే మనిషి కాడు. అయినా మాట్లాడి చూడమని ఆయన్ని ముందుగదిలోకి పంపారు. ఆయన కూతురి పక్కన పావుగంట కూర్చుని, ఫ్యాను పెంచనా అని అడిగి వచ్చేశాడు.

ఇక లాభం లేదని అమ్మ చిన్నదాని అన్నయ్యకు ఫోన్ చేసింది. అతను లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్కు. ఆఫీసు ఊరికి ఆ చివర, గంట ప్రయాణం. పది నిమిషాల్లో గుమ్మంలో ఉన్నాడు. చెల్లెలంటే వాడికంత ప్రాణం అని అమ్మ కళ్లు తుడుచుకుంది. బడిలో లెక్కలు చెప్పే వదిన కూడా సగం రోజు సెలవు పెట్టి వచ్చింది.

భోజనాల వేళకు అందరూ చిన్నదాని చుట్టూ చేరారు. అమ్మ గొంతు సవరించుకుంది.

"పోయిందేదో పోయింది తల్లీ. దాంతో నీ విలువేం తగ్గలేదు. మేమంతా లేమా?"

చిన్నది ఒక్కొక్క ముఖమే చూసింది. రోగి మంచం చుట్టూ బంధువులు ఇలాగే నిలబడతారు. ఇక్కడ ఆ రోగి తానేనని ఆమెకు కాస్త ఆలస్యంగా తట్టింది. సంగతంతా విని, పుస్తకం తెరిచి పడవవాడి చావు చూపించింది.

పిన్ని రెండు పేరాలు చదివింది. "అసలు లేనేలేని వాడి కోసం నేను కూర మాడబెట్టుకుని వచ్చానా," అని కత్తెర తీసి బల్ల మీద పెట్టింది.

వదినే ముందు తేరుకుంది. ఎలాగూ సెలవు పెట్టాం కదా, చిన్నది చూడాలంటున్న కొత్త సినిమాకు అందరం పోదామంది.

"అది వద్దు. ఇంటర్వెల్ తర్వాత కథ లేదు," అన్నాడు అన్నయ్య.

"మీరెప్పుడు చూశారు?"

"మంగళవారం. మార్నింగ్ షో."

అనేశాక గానీ తానేమన్నాడో అతనికి వినిపించలేదు. మంగళవారం పొద్దున వదిన కట్టిచ్చిన క్యారేజీ పట్టుకుని అతను డ్యూటీకని బయల్దేరాడు. ఆమె అతని వైపే చూస్తోంది.

అతను నేల చూస్తూ చెప్పాడు. కంపెనీ ఈ ఊళ్లో ఆఫీసు ఎత్తేసి మూడు నెలలైంది. ఇందాక ఫోన్ వచ్చినప్పుడు కూడా ఈ వీధి చివరి సినిమా హాల్లోనే ఉన్నాడు.

"రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకున్నా. ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదా. పార్కులో అయితే తెలిసినవాళ్లు కనబడతారు. హాల్లో చీకటి. ఎవరూ ఏం అడగరు."

"మూడు నెలలూ చీకట్లోనే తిన్నారా," అంది వదిన. లేచి వెళ్లి అతని పక్కన కూర్చుంది.

అమ్మకు కొత్త మాటలు దొరకలేదు. పొద్దుటి నుంచి కూడబెట్టుకున్నవే ఉన్నాయి. "పోయిందేదో పోయింది నాన్నా. దాంతో నీ విలువేం తగ్గలేదు," అంది. ఈసారి ఆ మాటలు చేరాల్సిన చోటికి చేరాయి. అన్నయ్య భుజాలు ఒక్కసారిగా వాలిపోయాయి. చిన్నది అలవాటు కొద్దీ అతని మణికట్టు పట్టుకుంది. నాడి పరుగెడుతోంది. అది నెమ్మదించేదాకా ఆమె చెయ్యి వదల్లేదు.

నాన్న మాత్రం ఇంకా ఏదో ఆలోచిస్తూనే ఉన్నాడు.

"రోజుకొకటా?" అని అడిగాడు.

"ఒక్కోరోజు రెండు."

"వాటిలో బాగున్నవెన్ని?"

అన్నయ్య కళ్లు తుడుచుకుని, నిజాయితీగా చాలాసేపు ఆలోచించాడు.

"ఒకటిన్నర, నాన్నా."