దూలానికి తెచ్చిన నల్లబట్ట

బొగ్గుగని కాలనీలోని ఫంక్షన్ హాలుకు దూలం పగిలి, తాళం పడింది. ఆ ఉదయం ఇంజనీరు విజయేందర్ దూలానికి నల్లటి కార్బన్ బట్టను జిగురుతో అతికించి, సాయంత్రానికి పని ముగించాలనుకున్నాడు. బట్ట చుట్టను హాలు పక్కింటి రిబ్కమ్మ అరుగు మీద పెట్టి, "హాలు కోసం తెచ్చిన, జర పైలం అమ్మా" అని జిగురు డబ్బాల కోసం పెద్దపల్లి వెళ్ళాడు.

అంతలో గని కార్మికుడు పోశం వచ్చాడు. వారంలో అతని కూతురు ప్రవళిక పెండ్లి. హాలు తెరవమని రోజూ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు.

"రిబ్కక్కా, గీ నల్లబట్ట ఎవలిది?"

"ఇంజనీరు సారు పెట్టిపోయిండు తమ్మీ. హాలు కోసమంట."

పోశం కళ్ళు మెరిశాయి. "అంటే సారు మన దిక్కే ఉన్నడు! నల్లబ్యాడ్జీలు కట్టుకొని కొట్లాడుమని సైగ జేసిండు!"

కత్తెర తెచ్చి చుట్టంతా పీలికలు చేశాడు. కాసేపటికి సగం కాలనీ జబ్బలకు పీలికలు కట్టుకొని, కాలనీ అధికారి అరుణ్‌కుమార్ బంగళా ముందు నినాదాలు మొదలుపెట్టింది. అయితే ఆ బట్ట పోగులు సన్నటి ముళ్ళలా గుచ్చుకుంటాయి. "హాలు తెరువాలె!" అని ఒక చెయ్యి పైకి లేస్తే, రెండో చెయ్యి గోకుతోంది.

బయటికొచ్చిన అరుణ్‌కుమార్ హడలిపోయాడు. "గిదేం రోగం? దూరం జరుగున్రి!" అంటూ డాక్టరును పిలిపించాడు. డాక్టరు గజ్జి అనుకొని అందరినీ వరుసలో నిలబెట్టి మందు పూయించాడు. దారిన పోయేవాళ్ళు కూడా చూసి చూసి, గోక్కుంటూ వరుసలో చేరారు.

అప్పుడే విజయేందర్ ఉరికొచ్చాడు. "ఏం జేసిన్రు మీరు! గది దూలానికి అతికించే బట్ట. జిగురు పట్టిందంటే ఇనుము కంటె గట్టిగైతది. గిప్పుడు కొత్తది రావాలంటే నెల పడ్తది!"

పోశం భార్య జ్యోతిరాణి తన పీలిక విప్పి భర్త చేతిలో పెట్టింది. "మంచిగ కొట్లాడినవ్. మరి బిడ్డ పెండ్లి యాడ జేస్తవ్?"

పోశం గేటు పక్కన కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అరుణ్‌కుమార్‌కు ఓపిక నశించింది. "యాడ జేస్తరు? మా బంగళా ముందట జేయిన్రి!" అని అరిచాడు.

పోశం చప్పున లేచాడు. "సారు మాటిచ్చిండు! అరుణ్‌కుమార్ సారు జిందాబాద్!"

"నేనన్నది గది కాదు..." అన్న అధికారి మాట జిందాబాద్‌లలో మునిగిపోయింది. ఆయన భార్య రేవతి అప్పటికే ఆడవాళ్ళకు పందిరి ఎక్కడ వేస్తే బాగుంటుందో చూపిస్తోంది.

పెండ్లి ఘనంగా జరిగింది. మరునాడు పొద్దున బంగళా గేటు ముందు ఇంకో ముగ్గురు ఆడపిల్లల తండ్రులు నిలబడ్డారు.