ఓడిన పూట మిఠాయి

ఆదివారం పొద్దున్న కీర్తన రెండో విడత కాఫీలు కలుపుతుండగా శుభవార్త వచ్చింది. ఆడపడుచు వందన పంపిన సందేశం అది. "వదినా, లీగ్‌లో మనది రెండో స్థానం. నాలుగు జట్లే మిగిలాయి. పదింటికి మొదటి స్థానం వాళ్లతో ప్లేఆఫ్." ఆ సంతోషంలో కీర్తన ఒక కప్పు కాఫీ ఎక్కువ కలిపింది. దాన్ని కూడా తనే తాగింది.

వందన భారత మహిళల సాఫ్ట్‌బాల్ జట్టులో పిచర్. చేతిని గిర్రున తిప్పి, నడుం పక్కనుంచి బంతిని వదిలితే ఎదుటి అమ్మాయి బ్యాట్ ఎత్తేలోపు అది వెనకాల గ్లవ్‌లో పడి ఉంటుంది. ఎనిమిది దేశాల టోర్నీ ఆడటానికి థాయ్‌లాండ్ వెళ్లింది. వెళ్లేముందు తండ్రి దక్షిణామూర్తిగారితో ఒక ఒప్పందం చేసుకుంది. పతకం తెస్తే ఆట కొనసాగుతుంది. తేకపోతే గ్లవ్ అటకెక్కుతుంది, వందన అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కి వెళ్తుంది. దక్షిణామూర్తిగారు సివిల్ కోర్టులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. ఒప్పందమంటే ఆయనకు ఒప్పందమే.

ఆ ఇంటికి కోడలై రెండు నెలలే అయిన కీర్తనకు ఆ పూట మరో కార్యక్రమం కూడా ఉంది. తనూ ఫణికిరణూ స్కూటర్ మీద నారాయణగూడ వెళ్లి ఇరానీ చాయ్ తాగాలి. ఇంట్లో చెప్పింది మాత్రం కొత్తిమీర కోసమని. ఫ్రిజ్‌లో రెండు కట్టల కొత్తిమీర ఉంది. అత్తగారు వేదవతికి ఆ సంగతి తెలుసు. తెలిసీ, "మంచిది చూసి తీసుకురండి" అని పంపించే మనిషి దొరకడం తన అదృష్టమని కీర్తన అనుకునేది.

ఆమె మెట్లు దిగబోతుంటే దక్షిణామూర్తిగారు ఆపి, ప్లేఆఫ్ అంటే ఏమిటని అడిగారు. సరైన సమాధానం కీర్తనకు తెలుసు. వందన ఒకసారి నాలుగు ఇడ్లీలు ప్లేటులో పెట్టి అటూ ఇటూ జరుపుతూ మరీ చెప్పింది. కానీ ఇడ్లీలు జరిపేంత తీరిక ఇప్పుడు లేదు. కింద స్కూటర్ హారన్ రెండుసార్లు మోగింది.

"సెమీఫైనల్, మామయ్యగారూ" అనేసి దిగిపోయింది.

ఆ ఒక్క మాటతో దక్షిణామూర్తిగారు వీధంతా తిరిగి వచ్చారు. పక్కవాటా సత్తవ్వకు చెప్పారు. సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర పేపరు చదివే మిత్రులందరికీ చెప్పారు. వందన సెమీఫైనల్ ఆడుతోందని పదింటికల్లా చిక్కడపల్లిలో ఆ వీధికి ఆ వీధి తెలిసిపోయింది.

నారాయణగూడలో కీర్తన, ఫణి ఒక మూల బల్ల దగ్గర కూర్చుని, చక్కెర డబ్బాకు ఫోన్‌ను ఆనించి మ్యాచ్ చూశారు. బిస్కట్‌ను చాయ్‌లో ఎంతసేపు ముంచితే విరగకుండా ఉంటుందో ఫణికి ఇంకా పట్టుబడలేదు. కీర్తన తన చెంచాతో అతని ముక్కల్ని బయటికి తీసిపెడుతోంది. మ్యాచ్ మూడు–ఒకటితో పోయింది. కీర్తన ఫోన్ తీసి సంచిలో వేసుకుంది. తర్వాత కీర్తనకు ఇడ్లీలు గుర్తొచ్చాయి.

ఈ పద్ధతిలో మొదటి రెండు స్థానాల వాళ్లు ఒకరితో ఒకరు ఆడతారు. గెలిచినవాళ్లు నేరుగా ఫైనల్‌కు వెళ్తారు. ఓడినవాళ్లు ఇంటికి పోరు, వాళ్లకు ఇంకో మ్యాచ్ ఉంటుంది. మూడు, నాలుగు స్థానాల వాళ్లు మాత్రం ఒకరితో ఒకరు ఆడి, ఓడినవాళ్లు ఇంటికి పోతారు. గెలిచినవాళ్లతో వందన జట్టు మధ్యాహ్నం రెండింటికి మళ్లీ ఆడాలి. అందులో గెలిస్తే ఫైనల్, ఓడితే మూడో స్థానం.

"ఫణీ, మూడో స్థానానికి కూడా పతకం ఇస్తారు కదా?"

"ఇస్తారు."

"అయితే మనకు పతకం వచ్చేసింది. పొద్దున్న నేను కాఫీ కలుపుతున్నప్పుడే వచ్చేసింది."

ఫణి రెండు క్షణాలు ఆలోచించి, చాయ్ అలాగే వదిలేసి లేచాడు. ఇద్దరూ మిఠాయి కొట్టుకు వెళ్లి కిలో కోవాబిళ్లలు కట్టించుకున్నారు. దారిలో ప్రతి స్పీడ్‌బ్రేకర్ దగ్గరా ఇద్దరి హెల్మెట్లూ ఢీకొన్నాయి, ప్రతిసారీ ఇద్దరూ నవ్వారు. గేటు తీస్తున్నప్పుడు కూడా ఆ నవ్వు ఇంకా ఆగలేదు.

వరండా నిండా చెప్పులు. లోపల వేదవతిగారు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. చుట్టూ వీధిలోని ఆడవాళ్లు. ఎవరో ఆమె చేయి పట్టుకున్నారు. వెళ్లేవాళ్లు 'వెళ్లొస్తాం' అనకుండా, తలలు వంచుకుని మౌనంగా వెళ్లిపోతున్నారు. మ్యాచ్ పోయిందన్న కబురు వీళ్లకంటే ముందే వీధికి చేరింది. సెమీఫైనల్‌లో ఓడితే ఇంటికే అని అందరికీ తెలుసు. వందన ఆట ముగిసిందని, పిల్ల కల చెదిరిందని పరామర్శకు వచ్చారు. అలాంటి ఇంట్లోకి కొత్తకోడలు పకపకా నవ్వుతూ మిఠాయి డబ్బాతో అడుగుపెట్టింది.

సత్తవ్వ డబ్బాను చూసింది, కీర్తనను చూసింది.

"ఏంది బిడ్డా, ఆడబిడ్డ ఓడిపోతే కోవాబిళ్లలు తెచ్చినవ్? మా కాలంల గూడ వదినె ఆడబిడ్డలకు పడకపోతుండె గని, గింత బహిరంగంగ లేకుండె."

ఓడిందని కాదు, పతకం వచ్చిందని తెచ్చానని కీర్తన చెప్పబోయింది. ఓడితే పతకమేంటని వెనక నుంచి ఎవరో అడిగారు. ఓడినా వస్తుందని ఫణి అందుకున్నాడు. పెళ్లయ్యాక అబ్బాయి పూర్తిగా అటే తిరిగిపోయాడని ఇంకెవరో నిట్టూర్చారు.

వేదవతిగారు మాత్రం లేచి కోడలి దగ్గరకు వచ్చారు. "నువ్వు చెప్పేది నాకు అర్థం కాలేదు కానీ, నీ మొహం చూస్తే పతకం వచ్చినట్టే ఉంది. ముందు మీ మామగార్ని పట్టుకోండి. వందనకు సీటు తీసుకుంటానని అశోక్‌నగర్ వెళ్లారు."

ఆయన ఫోన్ బియ్యం డబ్బా పక్కన ఛార్జింగ్‌లో ఉంది. కానీ బయల్దేరే ముందు ఒప్పందం ప్రకారం కూతురికి కబురు పంపడం ఆయన మర్చిపోలేదు. కీర్తన ఫోన్ మోగింది. "వదినా, నాన్న నన్ను కోచింగ్‌లో చేర్పిస్తున్నాడట. కంచు పతకం లెక్కలోకి రాదా? రెండింటికి మ్యాచ్. చేతికి బంతి పట్టు కుదరడం లేదు."

అది చదివాక కీర్తన నవ్వు ఆగిపోయింది. తను మెట్ల మీద విసిరేసిన ఒక్క మాట సముద్రం దాటి వందన చేతిని పట్టుకుంది. ఈసారి స్కూటర్ మీద హెల్మెట్లు ఢీకొన్నా ఎవరూ నవ్వలేదు.

కోచింగ్ సెంటర్ రెండో అంతస్తులో ఉంది. హాల్లో అభ్యర్థులు మధ్యాహ్నం భోజనాల టిఫిన్లు విప్పుతున్నారు. ముందు బల్ల దగ్గర, సెంటర్ నడిపే క్రాంతికుమార్ ఎదుట దక్షిణామూర్తిగారు నిటారుగా కూర్చున్నారు.

"మామయ్యగారూ, తప్పు నాది. అది సెమీఫైనల్ కాదు" అంటూ కీర్తన రొప్పుతూనే అంతా చెప్పింది. ఇడ్లీల బదులు బల్ల మీది నాలుగు పెన్నులు జరిపి చూపించింది. ఐపీఎల్‌లో కూడా ఇంతే కదా నాన్నా అన్నాడు ఫణి. ఆట మధ్యలో డాన్సులు మొదలైన నాటి నుంచి దక్షిణామూర్తిగారు క్రికెట్ చూడటం మానేశారు కాబట్టి ఆ మాట పనిచేయలేదు.

ఆయన నాలుగు పెన్నుల వంక చాలాసేపు చూశారు. కీర్తన ఆయన మొహం వెలుగుతుందని ఎదురుచూసింది. వెలగలేదు.

"ఈ నాలుగో పెన్ను కూడా ఇవాళ ఒక్క మ్యాచే ఓడిందా?"

"అవునండీ."

"మనమూ ఇవాళ ఒక్కటే ఓడాం. దానికి ఇల్లు, మనకు పతకమా? ఇదేం న్యాయమమ్మా? అలా వచ్చిన పతకం నేను గోడకు పెట్టను."

కీర్తన ఊహించని దెబ్బ అది. పద్ధతి అర్థం కాక సీటు తీసుకోవడానికి వచ్చిన మనిషి, అర్థమయ్యాక ఇంకా గట్టిగా తీసుకునేట్టున్నారు. గోడ గడియారం ఒంటిగంటన్నర దాటింది.

ముందు వరుసలో అన్నం కలుపుకుంటున్న భాగ్యశ్రీ అనే అమ్మాయి లేచి నిలబడింది. సిద్దిపేట వైపు ఊరు, ఇక్కడే హాస్టల్‌లో ఉండి చదువుకుంటోంది.

"అంకుల్, జర నేను చెప్పన్నా? పోయినసారి ప్రిలిమ్స్‌ల నాకు మస్తు మార్కులొచ్చినయ్. మెయిన్స్ నాడు జరమొచ్చింది. ప్రిలిమ్స్ మార్కులు మెయిన్స్‌ల కలపరు కద. ఒక్క దినం పోతే అంతా పోయింది. మీ బిడ్డ లీగ్‌ల గెల్సిన మ్యాచులు ఆళ్లు లెక్కల వెట్టిండ్రు, గంతే. గది దయ కాదు అంకుల్. ఆమె ముందుగాల్నే సంపాయించుకున్నది."

క్రాంతికుమార్ తల వంచుకున్నాడు. దక్షిణామూర్తిగారు కళ్లజోడు తీసి తుడిచారు. మళ్లీ పెట్టుకుని, లీగ్‌లో వందన వాళ్లు ఎన్ని గెలిచారని కోడల్ని అడిగారు. ఒక్కటి తప్ప అన్నీ అంది కీర్తన.

"ఉద్యోగమంతా అప్పీళ్ల ఫైళ్లు మోశాను" అన్నారాయన నెమ్మదిగా. "కేసు పోయిందని వరండాలో కూలబడిన వాళ్లకు, పై కోర్టు ఉంది, లేవండి అని చెప్పి పంపేవాణ్ణి. కన్నకూతురికి మాత్రం చెప్పలేదు. ఏదమ్మా, ఆ ఫోన్ ఇటివ్వు."

ఫోన్‌ను నోటికి మరీ దగ్గరగా పెట్టుకుని, రాతపూర్వకంగా దాఖలు చేస్తున్నంత స్పష్టంగా వాయిస్ మెసేజ్ ఇచ్చారు. "వందనా, నాన్నని. ఒప్పందం ప్రకారం నువ్వు గెలిచావు. సీటూ లేదు, గీటూ లేదు. హాయిగా ఆడుకో తల్లీ."

వెంటనే జవాబు వచ్చింది. మాటలు లేవు, ఎగిరే బొమ్మలే. ఆ బొమ్మలకు అర్థం ఏమిటని ఆయన కోడల్ని అడిగితే, కీర్తన కళ్లు తుడుచుకుంటూ, మీకు దండం పెడుతోందని చెప్పింది.

క్రాంతికుమార్ పాఠాలు చూపించే తెర మీద మ్యాచ్ పెట్టాడు. తెల్లబోర్డు ముందు ముప్పై మంది అభ్యర్థులు, మధ్యలో దక్షిణామూర్తిగారు. ఆఖరి ఇన్నింగ్స్‌కు రెండు–ఒకటితో మనవాళ్లు ముందున్నారు. చివరి బ్యాటర్ ముందు వందన చేయి గిర్రున తిరిగింది. బంతి గ్లవ్‌లో పడిన చప్పుడు వినిపించాక గానీ ఆ అమ్మాయి బ్యాట్ కదల్లేదు. హాలు దద్దరిల్లింది. భాగ్యశ్రీ పక్కనున్న అమ్మాయిని పట్టుకుని గిరగిరా తిప్పేసింది. ఫణి కీర్తన చేయి పట్టుకున్నాడు, నాన్న పక్కనే ఉన్నారని గుర్తొచ్చి వదిలేశాడు, ఆయన ఇటు చూడటం లేదని గమనించి మళ్లీ పట్టుకున్నాడు.

ఇలాంటి ఇంట్లోకి వచ్చినందుకు ఎవరికి కృతజ్ఞత చెప్పాలో కీర్తనకు తెలియలేదు. తప్పు తనదైనా ఎవరూ ఆ మాట ఎత్తలేదు. దక్షిణామూర్తిగారైతే ఇడ్లీలతో ఒకసారి మళ్లీ చూపించమని, రాత్రి వేదవతికి తనే చెప్తానని అన్నారు.

గోల సద్దుమణిగాక క్రాంతికుమార్ గొంతు సవరించుకున్నాడు. "సార్, ఒక డౌటు. రేపు ఫైనల్ ఇయ్యాల పొద్దుగాల మనల్ని ఓడగొట్టిన టీమ్‌తోనే కద. మనం గెలిస్తే ఆళ్లు గూడ ప్లేఆఫ్‌ల ఒక్కటే మ్యాచ్ ఓడినట్టయితది. మరి ఆళ్లకు ఇంకో చాన్స్ ఇయ్యాల్నా?"

దక్షిణామూర్తిగారు ఏమాత్రం తడుముకోలేదు. "అక్కర్లేదు. ఫైనలంటే సుప్రీంకోర్టు. ఎక్కడో ఒకచోట తుదితీర్పనేది ఉండాలి కదండీ."

అభ్యర్థులంతా చప్పట్లు కొట్టారు. క్రాంతికుమార్ వెంటనే తెల్లబోర్డు తుడిచి ప్రకటన రాశాడు. రేపు ఉదయం పదింటికి ఇదే హాల్లో ఫైనల్ ప్రసారం, ముందు వరుస కుర్చీ దక్షిణామూర్తి సార్‌ది, రేపటి గ్రాండ్ టెస్ట్ వాయిదా.

పరీక్ష వాయిదా పడినా అశోక్‌నగర్‌లో ఒక్కరూ రోడ్డెక్కకపోవడం అదే మొదటిసారి.