నీటికి స్థిరనివాసం

వెలుగు కాలనీలో నిలిచి ఉన్న వాననీటికి పన్నెండేళ్లు నిండడంతో కొత్తరేవు మున్సిపాలిటీ వారు దానికి స్థిరనివాస ధ్రువపత్రం మంజూరు చేశారు. ఒకే చోట పన్నెండేళ్లు ఎడతెగకుండా ఉన్న ఎవరికైనా ఆ పత్రం ఇచ్చి తీరాలన్నది నిబంధన. వీఆర్వో ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, దిగి విచారణ జరిపాడు. ఆ నీరు ఎప్పుడూ ఎక్కడికీ వెళ్లగా చూడలేదని ఇరుగుపొరుగు వాంగ్మూలం ఇచ్చారు. ఫొటోలో మబ్బులు తప్ప ముఖం కనబడడం లేదని గుమస్తా ఒక అభ్యంతరం రాశాడు గాని, దరఖాస్తుదారు స్వభావమే అంత అని పై అధికారి దాన్ని కొట్టివేశాడు.

ఈ సంగతి తెలియని పసుపులేటి హైమవతి ఆ మరుసటి సోమవారం డ్రాయింగులు చంకన పెట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు వచ్చింది. పంప్‌హౌస్‌లు డిజైన్ చేయడం ఆమె వృత్తి. తాగునీరు, మురుగునీరు, వాననీరు, దేని తీరు దానిదే గనుక ఒక ఊరికి గీసింది ఇంకో ఊరికి పనికిరాదని ఆమె నమ్మకం. వెలుగు కాలనీ కోసం ఆరు నెలలు కష్టపడింది. ఏ వీధి ఎటు వాలిందో కొలిచింది. నీరంతా వచ్చి చేరడానికి పదహారడుగుల లోతు సంప్, ప్లాస్టిక్ సంచులు పంపులో చిక్కకుండా ముందొక ఇనుప జల్లెడ, మూడు పంపులు, అక్కణ్ణించి కాలువ దాకా పైపు గీసింది.

కమిషనర్ ముక్తేశ్వరరావు డ్రాయింగులన్నీ ఓపిగ్గా చూశాడు.

"డిజైన్ చాలా బాగుందమ్మా. కానీ నీరు ఇప్పుడు మన నివాసి. సమ్మతి లేకుండా ఖాళీ చేయిస్తే కోర్టుకెళ్తుంది."

"నీరు కోర్టుకెలా వెళ్తుందండీ?"

"కోర్టు పల్లంలోనే ఉంది" అన్నాడాయన.

అందుచేత కాలనీ బడిలో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. నీరు అందరికంటే ముందే వచ్చి మొదటి వరుస అంతా ఆక్రమించింది. ఖాళీ చేయడానికి సమ్మతమేనా అని దాన్ని మూడుసార్లు అడిగారు. అది పలకలేదు. మౌనంగా ఉన్నందున సమ్మతి లేదని నమోదు చేశారు. తర్వాత, నీరు అక్కడే ఉండడానికి సమ్మతమేనా అని కాలనీవాళ్లను అడిగారు. ఏం చెప్పాలో తోచక వాళ్లూ పలకలేదు. మౌనంగా ఉన్నందున సమ్మతి ఉందని నమోదు చేశారు.

అప్పుడు శీలం ఆదెమ్మ లేచింది. ఆమె రెండు బల్లల మీద మిషను ఎక్కించుకుని, ఆ పైన కూర్చుని కాలనీ అందరికీ జాకెట్లు కుట్టే మనిషి.

"నీళ్లకి పన్నెండేళ్లయితే మాకు ఇరవయ్యేళ్లండి. మేం వచ్చాకే అది వచ్చిందండి."

"కాగితం ఉందా?" అన్నాడు కమిషనర్.

"ఉండేదండి. నీళ్లలో పోయిందండి."

కమిషనర్ నీటి వైపు చూశాడు. అది దీనికీ జవాబివ్వలేదు. ఆఫీసులో వెతికిస్తే పన్నెండేళ్లుగా కాలనీలో నీరు ఏ రోజు ఎంత లోతుందో తారీఖుల వారీగా దొరికింది. మనుషులు ఏ రోజు ఎంతమంది ఉన్నారో ఎవరూ రాసిపెట్టలేదు. కాబట్టి నీరు స్థిరనివాసి అనీ, ఆ రోజు లెక్కపెడితే అందులో తేలిన నాలుగు వందల పన్నెండు మంది తాత్కాలికంగా నిలిచిపోయిన వారనీ తేలింది. నిలిచిపోయినదాన్ని తోడివేయడం మున్సిపాలిటీ విధి.

"పంప్‌హౌస్ మంజూరైపోయిందమ్మా" అన్నాడు కమిషనర్ హైమవతితో. "అది ఎవరినో ఒకరిని తోడాలి."

"మనుషుల్ని తోడే పంపు ఎక్కడా లేదండీ."

"అందుకే కదా మిమ్మల్ని పిలిచింది. తయారుగా దొరికేదైతే బజార్లోనే తెచ్చుకునేవాళ్లం."

హైమవతి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు పెన్సిలు చెక్కింది. తను కాకపోతే ఇంకెవరో చేస్తారనీ, వాళ్లు వంపుల దగ్గర తలలు తగిలేలా గీస్తారనీ తనకు తాను చెప్పుకుంది. అసలు సంగతి, లెక్క ఆమెను లాగింది. ఉదయం ఎనిమిదింటికి పనులకూ బడికీ వెళ్లే వేళ ప్రవాహం ఎక్కువ గనుక దానికి సరిపడా పైపు వెడల్పు చేసింది. ముసలివాళ్లు అడుగున పేరుకుపోకుండా సంప్ నేలకు వాలు పెంచింది. మంచాలూ బీరువాలూ లోపలికి పోకుండా జల్లెడ ఉంచింది గాని, ఆదెమ్మ ఇంటికి స్వయంగా వెళ్లి మిషను కొలిచి, ఊచల మధ్య మూడంగుళాలు పెంచింది. నివేదికలో దీన్ని మానవీయ కోణం అని మెచ్చుకున్నారు. మనుషుల్ని కాలువలోకి వదలడానికి అనుమతి రాకపోవడంతో పైపును హైవే అవతల పాత రాతి క్వారీ మీదికి మళ్లించారు.

ప్రారంభోత్సవం రోజు కాలనీవాళ్లు సామాన్లతో సంప్ దగ్గర వరుసగా నిలబడ్డారు. వంతు వచ్చినప్పుడు ఆదెమ్మ ఆగింది.

"మళ్లీ ఇటు రావాలంటే ఎలాగండి?"

"పైపులో ఒక తలుపుంటుందమ్మా" అంది హైమవతి. "పోయేటప్పుడు తెరుచుకుంటుంది, వెనక్కి రాబోతే మూసుకుంటుంది. అది లేకపోతే తోడిందంతా తిరిగొచ్చేస్తుంది."

ఆదెమ్మ సంప్‌లోకి తొంగి చూసింది. "పోన్లెండి, తోపులాట ఉండదు" అని మిషను ముందుకు జరిపి, తను వెనక దిగింది.

గంటా యాభై నిమిషాల్లో నాలుగు వందల పన్నెండు మందీ అవతల తేలారు. ఒక్కరూ ఎక్కడా ఇరుక్కోలేదు. చుట్టూ చప్పట్లు కొడుతుంటే హైమవతికి గర్వంగా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసి, కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది.

కాలనీలో నీరు ఒక్కతే మిగిలింది. నివాసి గనుక దానికి వారంలోగా కుళాయి కనెక్షన్ ఇచ్చారు.

నాలుగు నెలల తర్వాత, పైపు చివర ఎలా ఉందో చూడడానికి హైమవతి క్వారీకి వెళ్లింది. రేకుల పాకల మధ్య జనం ఒక గుంట తవ్వుకున్నారు. ఆడవాళ్లు వరుసగా వచ్చి బిందెడు చొప్పున అందులో నీళ్లు పోసి పోతున్నారు. ఆదెమ్మ గట్టున కూర్చుని కాపలా కాస్తోంది.

"ఇదేంటమ్మా?"

"నీళ్లండి. మాకు కాగితం ఇవ్వరంటండి. నీళ్లకైతే ఇస్తారు కదండీ. పన్నెండేళ్లకి దీనికి పత్రం వచ్చేత్తే, దీని దగ్గర మేం అద్దెకుంటున్నావని రాయించుకుంటావండి."

"ఒక్క రోజు ఎండినా లెక్క మొదటికొస్తుంది" అంది హైమవతి.

"ఆయ్, అందుకే వంతులేసుకున్నాం. ట్యాంకరు రాగానే ముందు దీనికి పోత్తావండి. మిగిల్తేనే మేం తాగేది."

హైమవతి వంగి చూసింది. ఒక మూల రాతి పగులులోంచి నీరు ఇంకిపోతోంది. అక్కడ బంకమట్టి మెత్తమని చెప్పి, టేపు తీసి లోతు కొలిచింది. తర్వాత తన సీసాలో మిగిలిన నీళ్లు కూడా అందులో వంచి, మళ్లీ కొలిచి, తారీఖు వేసి పుస్తకంలో రాసుకుంది.