కమిటీ చూసిన కంచె

వాగు పొంగి మసీదు మెట్ల దాకా నీళ్లు వచ్చిన ఏడు ఒకటుంది. దాని తర్వాత మూడో ఏడు, చలికాలంలో, మక్తల్ పక్కన ఒక ఊరికి అసెంబ్లీ సభ్యుల కమిటీ వస్తుందని కబురు అందింది. కరెంటు సబ్‌స్టేషన్‌కు ఊరి కంచె కావాలని డిపార్ట్‌మెంటు అడిగింది. కంచె అంటే నలభై ఎకరాల ఉమ్మడి మేత భూమి. ఎవరూ వాడని ఖాళీ జాగా అని కాగితంలో రాశారు. కాదని ఊరు అర్జీ పెట్టుకుంది. కమిటీ వచ్చి, కళ్లతో చూసి, జనం మాట విని తేల్చాలి.

అందరికంటే ఎక్కువ భయపడింది యాదమ్మ. భర్త లేడు, దున్నుకునే చెలక లేదు. పదకొండు మేకలున్నాయి. కంచె పోతే వాటిని అమ్ముకోవాల్సిందే.

సార్లకు ఎదురుపోయి మర్యాదలు చేసే పని లియాఖత్ అలీకి అప్పగించారు. అతను మక్తల్‌లో ఆఫీసుల పక్క హోటలుకు పాలు పోస్తాడు. సార్లతో మసలడం తెలిసిన మనిషని ఊరి నమ్మకం. ఆ నమ్మకం అతనికీ ఉండేది.

కమిటీ వచ్చే రోజు పొద్దున అతను అనుకున్నది చిన్న పని. జీపు దిగేచోట పేడ ఎత్తించాలి. మన దగ్గరకు వచ్చినవాళ్ల కాలికి పేడ అంటితే మర్యాద కాదు. ఎత్తించాడు. ఎత్తినచోటే బర్రెలు మళ్లీ వేశాయి. రెండుసార్లు చూసి, మూడోసారి పశువులనే వాగవతలి ఊరికి తోలించాడు. ఒక్క పూటకే కదా అని అక్కడి బుచ్చయ్య ఒప్పుకున్నాడు. పశువులు పోయాక మేకలు కనపడ్డాయి.

"అన్నా, నా మేకలను ఉండనియ్యి. సార్లు చూడాల్సింది వాటినే గదా" అంది యాదమ్మ.

"చూస్తరమ్మా, ముందుగాల కూసోనియ్యి. నీ మేక పోయి సార్ పంచె నమిలితే మన మాట ఎవరు వింటరు?"

ఆమె మేకలను అదిలించింది. మేకలూ వాగు దాటాయి.

తర్వాత పని దానంతట అదే పెరిగింది. షామియానాకు అడ్డమని మేకలు మేసే ముళ్లకంప కొట్టించాడు. గుంతల్లో కుర్చీ కాళ్లు దిగుతాయని పూడ్పించాడు. డెక్కల గుర్తులు బాగా లేవని ఊడ్పించాడు. ఎవరో సున్నం తెచ్చి దారికి గీతలు కూడా గీశారు. మధ్యాహ్నానికి కంచె పెళ్లి వాకిలి లాగా అయింది. లియాఖత్ అలీ నడుము మీద చేతులు పెట్టుకొని చూసుకున్నాడు. ఇంత చక్కటి జాగా ఊరికి ఉందని అప్పటిదాకా అతనికే తెలియదు.

రెండు జీపులు వచ్చాయి. కమిటీ పెద్ద నెమ్మదస్తుడు. దిగి, నాలుగడుగులు నడిచి, తన చెప్పులు చూసుకున్నాడు. ఇంత శుభ్రమైన స్థలం జిల్లాలో చూడలేదన్నాడు. లియాఖత్ అలీ సంతోషపడ్డాడు. అది అక్కడితో ఆగినా బాగుండేది.

"పశువులు మేస్తాయని అర్జీలో రాశారు. ఏవి మరి?" అని పెద్ద అడిగాడు.

"వాగవతల ఉన్నయి సార్. మీరొస్తున్నరని పంపించినం."

"అక్కడ వాటికి మేత ఉందా?"

కమిటీని చూడవచ్చిన బుచ్చయ్య పక్కనే నిలబడి ఉన్నాడు. అడగగానే సాయం చేసిన మనిషి. అతని ముందు అతని ఊరిలో గడ్డి లేదని ఎట్లా అంటారు? మస్తుగున్నదని చెప్పాడు లియాఖత్ అలీ. గుమాస్తా రాసుకున్నాడు. రోజూ వచ్చినా మీకు అభ్యంతరం లేదా అని పెద్ద బుచ్చయ్యను అడిగాడు. నలుగురిలో అడిగితే బుచ్చయ్య మాత్రం ఏమంటాడు? ఇరుగుపొరుగువాళ్లం, మాకేం సార్ అన్నాడు. గుమాస్తా అదీ రాసుకున్నాడు.

యాదమ్మ లేచింది. అవి పోయింది ఒక్క పూటకేనని, తనకు పదకొండు మేకలున్నాయని చెప్పింది. చూపించమ్మా అన్నాడు పెద్ద. ఆమె కొట్టేసిన కంప వైపు చూసింది, తర్వాత లియాఖత్ అలీ వైపు చూసింది. అతను చెప్పులు అక్కడే వదిలేసి వాగు వైపు ఉరికాడు. ఆమె వెనకే పోయింది.

పశువులను పోగుచేసి తిరిగి తోలుకొచ్చేసరికి గంట దాటింది. వాగు ఒడ్డు దారిలో జీపులు ఎదురొచ్చాయి. కమిటీకి ఇంకో ఊరు చూసే పని ఉంది. దారి నిండా ఎనభై పశువులు, వాటి ముందు పదకొండు మేకలు. పెద్ద తల బయటికి పెట్టాడు. డ్రైవరు హారన్ కొట్టాడు.

లియాఖత్ అలీ చేయి దానంతట అది లేచింది. సార్ల దారికి అడ్డం రాకుండా హేయ్ హేయ్ అంటూ పశువులన్నిటినీ తుమ్మచెట్లలోకి తోలేశాడు. జీపులు పోతుంటే పెద్ద చేయి ఊపాడు. ఇతను సలాం చేశాడు. దుమ్ము దిగాక గానీ తను ఏం చేశాడో తెలియలేదు.

"సలాం గూడ చేసినవా అన్నా?" అంది యాదమ్మ.

మేకలను లెక్కపెట్టుకొని ఇంటికి తోలుకుపోయింది. తిట్టి ఉంటే అతనికి తేలికగా ఉండేది.

కమిటీతో వచ్చిన సర్వేయరు ఆ రాత్రి ఊళ్లోనే ఉండిపోయాడు. మరునాడు పొద్దున లియాఖత్ అలీ పాలు పోయడానికి పోలేదు. నిన్న రాసిందంతా తప్పని చెప్పడానికి కంచెకు పోయాడు. సర్వేయరు ఓపికగా విన్నాడు. రాత తన చేతిలో లేదన్నాడు, సబ్‌స్టేషన్‌కు జాగా కొలవడమే తన పని అన్నాడు. రావాల్సిన మనిషి రాలేదు, జర ఈ గొలుసు కొస పట్టుకుంటారా అని మర్యాదగా అడిగాడు.

లియాఖత్ అలీ పట్టుకున్నాడు. గొలుసు వదులైతే కొలత తప్పుతుందని గట్టిగానే పట్టుకున్నాడు.