ఇన్నయ్య గారి బోధనానుభవం

ఆ బుధవారం పొద్దున ఇన్నయ్య గారు పెట్టుకున్న పని చాలా చిన్నది. ఉప్మా తినడం, గురజాల శివారు మిషన్ బడిలో ఓ గంట పాఠం చెప్పడం, మధ్యాహ్నం బస్సుకు నరసరావుపేట వెళ్లి విద్యా సలహా సంఘంలో సభ్యుడైపోవడం.

"పాఠమా? మీరా?" అంది ఆయన భార్య కరుణమ్మ. "మన పిల్లోడికి ఎక్కాలు చెప్పమంటే గోడకు నిలబెట్టి సోదా చేసిన మనిషి!"

"ఎక్కాల పుస్తకం దాచాడే వాడు. దొరికిందా లేదా?"

"పుస్తకం దొరికింది. పిల్లోడే పొద్దుగూకేదాకా దొరకలా."

ఇన్నయ్య గారు ప్రొహిబిషన్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. గుంటూరు జిల్లాలో మద్యనిషేధం ఉన్న రోజులు, కాబట్టి సారా కూడా ఉన్న రోజులు. ఆయన జీపు చప్పుడు వింటే పల్నాడులో సగం మంది లేచి నిలబడేవారు, మిగతా సగం పరుగెత్తేవారు. ఇప్పుడెవరూ లేవడం లేదు. అంతకంటే బాధ, ఎవరూ పరుగెత్తడం లేదు. వంకాయలమ్మే మనిషి కూడా "ఏం పెద్దాయనా" అంటోంది. మళ్లీ నలుగురూ లేచి నిలబడాలంటే ఆయనకు మిగిలిన దారి ఆ సంఘం ఒక్కటే.

ఆ సంఘంలో ఉన్నవాళ్లు సామాన్యులు కారు. అధ్యక్షుడు అడవుల శాఖను ఏలినవాడు. మొక్కకైనా పిల్లకైనా ముందు కంచె వేయాలంటాడు. ఒక సభ్యుడు పశువుల డాక్టరు, ఏ బడికి వెళ్లినా పిల్లల పళ్లు చూసి వయసు చెబుతాడు. చిలకలూరిపేట జిన్నింగు మిల్లు యజమాని, దూదిని గింజనుంచి వేరుచేసినట్టు తెలివైనవాళ్లను ఒకటో తరగతిలోనే వేరుచేయాలంటాడు. నరసరావుపేట ప్లీడరుకు చదువుతో ఉన్న బంధం, ఒకప్పుడు ఓ పంతులు మీద దావా గెలవడం.

వీళ్లు పంతుళ్లకు సలహాలిస్తూ హాయిగా ఉండగా, మీలో పాఠం చెప్పినవాళ్లెవరని పైనుంచి ఒక మర్యాద లేని ప్రశ్న వచ్చింది. పోనీ ఒక పంతుల్ని వేసుకుందామా అన్నారెవరో. "పంతుల్నే కూర్చోబెడితే ఇక సలహా ఎవరికిస్తాం?" అని ప్లీడరు అడ్డం తిరిగాడు. చివరికి ఒక్క గంటైనా పాఠం చెప్పిన పెద్దమనిషికని ఒక కుర్చీ ఖాళీ పెట్టారు. ఇన్నయ్య గారు తరగతిలో నిలబడటం స్కూళ్ల డిప్యూటీ ఇన్‌స్పెక్టరు షౌకత్ సాహెబు కళ్లారా చూసి చెబితే, ఆ కుర్చీ ఆయనది.

మిషన్ బడి అంటే ఒకే గది, ఒకే టీచరు. గ్రేసమ్మ ఒంటిచేత్తో ఐదు తరగతులూ నడుపుతుంది. ఒక మూల అ ఆలు, ఒక మూల ఎక్కాలు, నడుమ ఎవరో ఒకరి ఏడుపు.

"నేను పక్కనే ఉంటాలే అన్నా. పిల్లలు కొత్తోళ్లను చూస్తే అల్లరి చేస్తారు" అంది గ్రేసమ్మ.

"వద్దమ్మా. నువ్వుంటే నువ్వే చెప్పావంటారు. చర్చికి పోయి ప్రార్థన చేసుకో."

ఆమె గడప దాటగానే ఐదు తరగతులూ ఒక్కసారి గొంతెత్తాయి. ఇన్నయ్య గారు కంగారుపడ్డారు. కంగారులో మనిషికి తన విద్యే గుర్తొస్తుంది. తలుపు మూసి, అడ్డంగా నిలబడి గర్జించారు. "ఎవరూ కదలొద్దు! ఎక్కడోళ్లు అక్కడే!"

గది చచ్చినట్టు ఊరుకుంది. పాఠం చెప్పడం ఇంత తేలికా అనుకుని ఆయన పొంగిపోయారు. ఒక్కొక్కణ్ణి లేపి పేరు, తండ్రి పేరు, ఇంతకుముందేమైనా కేసులున్నాయా అని అడుగుతుండగా, ముక్కుకు ఒక వాసన తగిలింది. పుల్లటి వాసన. గది మూల తడిగోనె కప్పిన కుండ. ముప్ఫై ఏళ్ల సర్వీసులో తడిగోనె కింద పులిసినదేదైనా ఆయనకు ఒకటే, సారా కాచే ఊట.

"ఈ సరుకు ఎవరిదిరా?"

"టీచరమ్మది సార్."

"తాగుతుందా?"

"మాకూ పోస్తది సార్!"

"ఆఁ! మీలో తాగేవాళ్లెవరు?"

గదిలో అన్ని చేతులూ లేచాయి. ఒక పిల్లయితే రెండు చేతులూ ఎత్తింది.

"తాగితే ఎట్లుంటది?"

"చానా బాగుంటది సార్. నిద్రొస్తది."

ఇన్నయ్య గారి ఒళ్లు పులకరించింది. పంచనామాకు సాక్షులు కావాలని వాకిట్లోకి వచ్చి, పిడుగురాళ్ల సున్నపు బట్టీకి పోతున్న ఏసయ్యను, సైకిలు రిపేరు జాన్ సాహెబును లోపలికి లాగారు. పద్ధతి ప్రకారం ఒక సీసా నమూనా తీసి, జేబులోంచి లక్క తీసి సీలు వేసి, మిగతాది సాక్షుల ఎదుట కాలవలో పారబోశారు.

"ఏందయ్యా ఇది?" అన్నాడు ఏసయ్య. వాడి కూతురు ఆ బడిలోనే చదువుతోంది.

"ఊట. మీ టీచరు పిల్లలకు తాగిస్తోంది."

ఏసయ్య ఒక్క కేక పెట్టాడు. ఆ కేక బజారుకు చేరేసరికి బడిలో బట్టీ పెట్టి సారా కాస్తున్నారన్న సంగతిగా ఎదిగింది. తల్లులు చీపుళ్లతో వచ్చారు. కొందరు తండ్రులు చెంబులతో వచ్చారని గిట్టనివాళ్లు అంటారు. సరిగ్గా అప్పుడే ఒక పక్కనుంచి గ్రేసమ్మ, ఇంకో పక్కనుంచి ఎండలో సైకిలు తొక్కుకుంటూ షౌకత్ సాహెబు వచ్చారు.

"పారబోశావా? అయ్యో అన్నా!" గ్రేసమ్మ గుండె బాదుకుంది. "రాత్రి పులియబెట్టిన జొన్న గంజి అది! పొద్దున తినకుండా వచ్చే బిడ్డలకు మధ్యాన్నం పోస్తాను!"

"అదంతా లాబరేటరీ తేల్చాలి" అన్నారు ఇన్నయ్య గారు, సీసాను గుండెకు హత్తుకుని.

షౌకత్ సాహెబు ఆ సీసా లాక్కుని, సీలు పగలగొట్టి, గటగటా తాగేశాడు. మూతి తుడుచుకుని, "ఉల్లిపాయ ఉందామ్మా?" అన్నాడు.

"మా పిల్లల నోటికాడ కూడు నేలపాలు చేశావు గదయ్యా! నువ్వేం పంతులివి?" అని ఏసయ్య మీదికొచ్చాడు. తల్లుల చీపుళ్లు దిక్కు మార్చుకున్నాయి. జీవితంలో మొదటిసారి ఇన్నయ్య గారే పరుగెత్తారు, బస్టాండు దాకా.

కుర్చీ పోయిందని ఆయనకు తెలుసు. అయినా బస్సెక్కారు. సంఘం ముందు షౌకత్ సాహెబు తను చూసిందీ పిల్లలు చెప్పిందీ ఒక్క ముక్క దాచలేదు. "ఈయన ఒక్క అక్షరం చెప్పలేదు. పిల్లల్ని ముద్దాయిలను చేశాడు. వాళ్ల తిండి కాలవలో పోశాడు. టీచరును దొంగను చేశాడు."

ఇన్నయ్య గారు తల దించుకున్నారు. అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు.

"ఐదు తరగతులన్నారు. గదిలో చప్పుడుందా?"

"అప్పుడు లేదన్నారు గానీ..."

"పిల్లలు కదిలారా?"

"కదిలితే జైలనుకున్నారండీ, పాపం."

"భేష్! ముందు కంచె వేశాడు!"

"సాక్షులతో పంచనామా కూడానా?" ప్లీడరు ముచ్చటపడ్డాడు. పులిసిన మేత దూడలకే మంచిది కాదన్నాడు పశువుల డాక్టరు. గంజి తాగినవాళ్లు నిద్రపోతారు, దండగ ఖర్చని మిల్లు యజమాని తేల్చాడు. ఇన్నయ్య గారిని ఏకగ్రీవంగా కుర్చీలో కూర్చోబెట్టి, బడుల్లో కుండలుండరాదని తీర్మానించి, అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

నెల తిరగకుండా గ్రేసమ్మకు తాఖీదు వచ్చింది, తరగతి నడపడమెలాగో ఇన్నయ్య గారి దగ్గర వారం రోజులు నేర్చుకోవాలని. మరో టీచరు లేదు గనక ఆ వారమంతా బడి మూతపడింది. గదిలో ఒక్క అల్లరి కూడా జరగలేదని సంఘం తన నివేదికలో హర్షం వెలిబుచ్చింది.