ఎడమ వాల్వు

నాలుగో బ్రెడ్డు ప్యాకెట్టు కూడా గుమ్మం దాటి లోపలికి వచ్చాక శ్రీపతికి అనుమానం వచ్చింది.

మొదటిది తెచ్చినవాడు దారిన పోతూ వచ్చానన్నాడు. రెండోవాడు బేకరీలో ఒకటి కొంటే ఒకటి ఉచితమన్నాడు. మూడోవాడు శ్రీపతి చెయ్యి పట్టుకుని, ముఖంలోకి ఒకసారి చూసి, బ్రెడ్డు బల్ల మీద పెట్టి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నాలుగోది తెచ్చింది శ్రీపతి గుమాస్తాగా పనిచేసే కాలేజీ ప్రిన్సిపాలు. ఆ మనిషి ఇంతవరకు ఎవరికీ అడిగిన సెలవు కూడా ఇచ్చి ఎరగడు.

"శ్రీపతీ, నువ్వు రేపు రాకపోయినా ఏం కాదప్పా," అన్నాడు ప్రిన్సిపాలు గొంతు తగ్గించి. "ఎల్లుండి కూడా."

"నేను సెలవు అడగలేదు కదా సార్."

"అడగాల్నా ఏంది? మనం మనుషులం కాదా?"

శ్రీపతి నీరసంగా నిట్టూర్చాడు. తడి తువ్వాలును మళ్లీ కళ్ల మీదికి లాక్కున్నాడు. వచ్చినవాళ్లందరికీ చెప్పీ చెప్పీ అలసిపోయిన మాట మరోసారి చెప్పాడు. "కూర్చోండి సార్. మాట్లాడకుండా కూర్చోండి. నాకు నిశ్శబ్దం కావాల."

ప్రిన్సిపాలు వెంటనే కూర్చున్నాడు. ఆయన తప్పు లేదు. ఆ గది అలా ఉంది. ప్రొద్దుటూరు ఎండకు కిటికీలన్నీ మూసేశారు. మధ్యలో పడకకుర్చీ, కుర్చీలో కళ్ల మీద తువ్వాలుతో శ్రీపతి. ఎదురుగా గదికి అడ్డంగా కట్టిన దుప్పటి. దుప్పటి పక్కన చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడిన ఆయన స్నేహితుడు జియావుల్లా. ఎక్కడి నుంచో సన్నగా ఏడుస్తున్నట్టు వయొలిన్.

నిజానికి అక్కడ జరుగుతున్నది పోటీ.

దుప్పటి వెనక రెండు జపాన్ ఆంప్లిఫయర్లు ఉన్నాయి. పాతకాలపు రేడియోల్లో ఉండే గాజు వాల్వులతో పాటను పెద్దది చేసే పెట్టెలు అవి. స్విచ్చి వేస్తే దీపాల్లా ఎర్రగా వెలుగుతాయి, పొయ్యిల్లా కాలుతాయి. ఒకటి నల్లది, ఒకటి వెండిది. నల్లదాన్ని జపాన్‌లో ఎవరో ముసలి పనివాడు చేత్తో తయారు చేశాడు. దానిమీద చప్పుడు పెంచే నాబ్ తప్ప ఇంకేమీ ఉండదు. చెన్నై నుంచి శ్రీపతి దాన్ని రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాడు. ఆ రోజు దారి పొడవునా వెనక్కి ఆనుకోలేదు, పక్కవాడిని ఆనుకోనివ్వలేదు. వెండిది తరవాత వచ్చింది. దానికి ముందువైపంతా నాబ్‌లే, ఎడమ కుడి పక్కల చప్పుడును సరిచేసుకునేది కూడా.

ఈ ఎండాకాలం ఆయన భార్య మీనాక్షికి ఓపిక అయిపోయింది. "బయట ఎండ చాల్దని ఇంట్లో రెండు పొయ్యిలా? నేను జమ్మలమడుగు నుంచి వచ్చేతలికి ఒకటి గడప దాటాల. ఏదో మీరే తేల్చుకోండి," అని చెల్లెలి మనవడి నామకరణానికి బస్సెక్కింది. శ్రీపతి దగ్గర ఒకప్పుడు పాటలు వినడం నేర్చుకున్న నరేష్, పులివెందులలో చీనీ బత్తాయి తోటలున్నవాడు, ఏది వద్దంటే దాన్ని ఈ రోజే వచ్చి తీసుకుపోతానన్నాడు.

శ్రీపతికి నల్లదంటేనే ప్రాణం. కానీ కొన్నాళ్లుగా దానికి ఎడమ పక్క స్పీకరులో చప్పుడు పడిపోతూ వచ్చింది. కచేరీలో ఎడమవైపు కూర్చున్న మనిషి లేచి వెళ్లిపోయినట్టే ఉంటోంది. ఉంచుకోవలసినదాన్ని పంపేస్తే మళ్లీ రాదు. అందుకే ఏది మోగుతోందో తనకు తెలియకుండా విని తీర్పు చెప్పాలనుకున్నాడు. జమ్మలమడుగులో గుడ్డలంగడి మూసి మరీ జియావుల్లా వచ్చింది ఇందుకే.

పొద్దున ఆయన జియావుల్లాతో ఫోన్‌లో మాట్లాడిన నాలుగు మాటలే కొంప ముంచాయి. వరండాలో నిలబడి గట్టిగానే మాట్లాడాడు. ఈ మధ్య ఆయన అన్నీ గట్టిగానే మాట్లాడుతున్నాడు.

"జియా, ఎడమది శానా వీక్ అయినాది. వాల్వు మార్చాల్సిందే. మన దగ్గర దొరికేది ఎన్నాళ్లుంటాదో తెలీదు, జపాన్‌దే తెప్పిస్తాండా. మీనాక్షికి మాత్రం చెప్పాకు. ఆయమ్మ వచ్చేలోగా ఏదో ఒకటి తేలిపోవాల. ఉంటే ఉంటాది, పోతే పోతాది."

పక్కింటి బిస్మిల్లా బీ అప్పుడు మిద్దె మీద మిరపకాయలు ఎండబోస్తోంది. వాళ్ల బావకు తిరుపతిలో గుండె వాల్వు మార్చారు కాబట్టి ఆమెకు ఆ మాట బాగా తెలుసు. చేతిలో చేట కింద పడింది. మొదటి ఫోన్ మీనాక్షికి చేసింది. రెండోది ఎవరికి చేసిందో ఆమెకే గుర్తులేదు. అందరికీ ఒకటే చెప్పింది. "పెండ్లానికి కూడా చెప్పకుండా కడుపులో పెట్టుకోనుండాడు సామి. మనకు తెలిసినట్టు తెలీనీయాకండి. ఊరికే పలకరించిపోండి."

ప్రొద్దుటూరులో జబ్బుమనిషిని ఊరికే పలకరించడమంటే బ్రెడ్డు ప్యాకెట్టే.

"ఇది ఎట్లుండాది సామీ?" దుప్పటి పక్కనుంచి జియావుల్లా అడిగాడు. వయొలిన్ మళ్లీ మొదలైంది.

శ్రీపతి కాసేపు విన్నాడు. "కుడి పక్క బంగారం. ఎడమ పక్క పీనుగ."

గోడకు ఆనుకున్నవాడు కళ్లు తుడుచుకున్నాడు.

"నాకైతే రెండు పక్కలా ఒకటే మాదిరి ఇనపడ్తాంది సామీ."

"నీది గుడ్డలంగడి చెవి జియా. మీటర్లు కొలిచేదానికి పనికొస్తాది, దీనికి కాదు. రెండోది పెట్టు."

జియావుల్లా లోపలికి వెళ్లి వైర్లు మార్చాడు. ఈసారి శ్రీపతి ముఖం తేటపడింది. "ఇది వెండిది. చూడు, రెండు పక్కలా సమంగా ఎట్ల మాట్లాడ్తాందో."

"వెండిదే సామీ. ఒగ మాట. ఈ ఎడమ కుడి నాబ్‌ను ఎడమ పక్కకు ఇంతగా తిప్పి పెట్టుకోనుండారే, ఎందుకు?"

"అట్ల పెడితేనే సమంగా ఉంటాది. దాని గుణమే అంత."

జియావుల్లా ఏదో అనబోయి మానుకున్నాడు. ఈ పిచ్చిలో ఇద్దరికీ చాలా ఏళ్ల స్నేహం. ఆ స్నేహం నిలబడింది అతను చాలాసార్లు నోరు మూసుకోవడం వల్లే. "కడాకు ఒగటి చేసి చూద్దాం. ఎడమ వాల్వు పీకి కుడి పక్క పెడదాం. కుడిది తెచ్చి ఎడమ పక్క పెడదాం. యాడ జబ్బుండేది తెలిసిపోతాది."

ప్రిన్సిపాలు లేచి నిలబడ్డాడు. "ఈడనేనా? ఇంట్లోనే?"

"ఇంట్లోనే సార్," అన్నాడు శ్రీపతి. "ఎప్పుడూ ఈయప్పే పీకుతాడు. కొంచెం చల్లారనిచ్చి పీకాల. వేడి మీద పీకితే చెయ్యి కాల్తాది."

ప్రిన్సిపాలు మెల్లగా మళ్లీ కూర్చున్నాడు. కూర్చున్నది బ్రెడ్డు మీదని ఆయన గమనించలేదు.

దుప్పటి వెనక జియావుల్లా నల్లదాని వాల్వులు అటూ ఇటూ మార్చాడు. నల్లది మళ్లీ మోగింది. ఎడమ పక్క మళ్లీ పీనుగే. శ్రీపతి తువ్వాలు తీసి మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. "వాల్వు మారినా అదే పక్క పోతాందంటే జబ్బు వాల్వులో లేదు. ఆ పెట్టెలోనే ఉండాది. ఇంక చేసేదేమీ లేదు జియా."

ఆ మాట అంటుండగానే బయట కారు ఆగింది. నరేష్ రెండు గోతాల చీనీకాయలు దించి, శ్రీపతి కాళ్ల మీద పడ్డాడు. వెనకాలే మెడలో స్టెతస్కోపుతో అతని భార్య ప్రియదర్శిని వచ్చింది. మీనాక్షికి తెలిసిన డాక్టరు ఆ అమ్మాయి ఒక్కతే కావడంతో ఆమె జమ్మలమడుగు నుంచే ఏడుస్తూ ఫోన్ చేసింది. డాక్టరు వచ్చిందని తెలిసి బిస్మిల్లా బీ కూడా పరుగెత్తుకొచ్చింది.

"నువ్వు ఏ డాక్టరు తల్లీ?"

"చెవి, ముక్కు, గొంతు అవ్వా."

"గొంతు కిందనే కదా గుండె. ఎంత దూరమని! చూడు పో."

శ్రీపతికి ఇవేవీ సరిగా వినపడలేదు. ఆయన నరేష్ భుజం మీద చెయ్యి వేశాడు. "నరేషూ, నల్లది నీకే."

"ఇప్పుడు అట్లాంటి మాటలొద్దు సార్!"

"ఇంకెప్పుడు? ఎడమ పక్క పూర్తిగా పోయినాది. నేను ఎన్నాళ్లని చూస్తా కూర్చునేది? నీ దగ్గరన్నా నాలుగు పాటలు పాడనీ. పోయేముందర నా చేత్తోనే ఇయ్యనీ నాయనా."

నరేష్ వెక్కి వెక్కి ఏడ్చాడు. దుప్పటి వెనకనుంచి నల్లదాన్ని బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, కారు ముందు సీటులో కూర్చోబెట్టి, దానికి వేడి తగలకుండా ఏసీ వేసి, పక్కనే కూర్చున్నాడు. మళ్లీ లోపలికి వచ్చి సారు ముఖం చూసే ధైర్యం అతనికి లేకపోయింది.

ఆ కారు వెనకే ఆటో వచ్చి ఆగింది. మీనాక్షి దిగింది. దిగినదల్లా బ్రెడ్లు, చీనీకాయలు, దుప్పటి, పడకకుర్చీ అన్నీ ఒక్క చూపులో చూసి గుమ్మంలోనే కూలబడింది.

"నాకు చెప్పకుండా దాస్తారా? నేనేమన్నా పరాయిదాన్నా?"

జపాన్ వాల్వుల సంగతి బయటపడిందని శ్రీపతికి అర్థమైంది. తలవంచుకున్నాడు. "తప్పయింది మీనాక్షీ. ఒక్కటే తెప్పిద్దామనుకుంటి. జపాన్‌ది."

"ఒక్కటెందుకు? రెండూ తెప్పించుకోండి! యాడిదైనా తెప్పించుకోండి! ఇదో, నా గాజులు తీసుకోండి!"

శ్రీపతి కుర్చీలోంచి లేచాడు. పెళ్లైన నాటి నుంచి ఈ మాట ఆమె నోట వస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. దగ్గరికి వెళ్లి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. "మీనాక్షీ, నీకు ఒళ్లు బాగుండాదా? ఎండ దెబ్బ తగిలిందా ఏంది? డాక్టరమ్మా, ఈయమ్మను చూడు తల్లీ."

ప్రియదర్శిని ఆమెను వదిలి ఆయన ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టింది. ముందు నుంచి చూసింది, వెనక నుంచి చూసింది, చెయ్యి పట్టుకుని చూసింది.

"గుండె గడియారం మాదిరి కొట్టుకుంటాంది. ఏమీ లేదు."

"మరి వాల్వు?" అంది మీనాక్షి.

"ఏ వాల్వూ పాడు కాలేదు పిన్నీ."

దుప్పటి కదిలింది. జియావుల్లా తల బయటపెట్టి, ఎప్పుడో పీకి పక్కన పెట్టిన పాత గాజు వాల్వు ఒకటి చూపించాడు. "ఈ వాల్వేనా అమ్మా మీరనేది?"

ప్రిన్సిపాలు లేచి, తన కింద నలిగిన బ్రెడ్డు తీసి దులిపాడు. "శ్రీపతీ, రేపు పదికల్లా వచ్చేయ్," అని వెళ్లిపోయాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కున్నారు.

మీనాక్షి కొంగు బిగించింది. "ఎవరు లేపినారు ఈ మాట?"

"నేను ఇన్నదే చెప్పినా తల్లీ," అంది బిస్మిల్లా బీ. "ఎడమది వీక్ అయిందని ఊరంతా ఇనపడేట్టు అరిచింది ఈ సామి కాదా?"

"నల్లదానికి ఎడమ పక్క పడిపోతే వీక్ అనక ఏమనాల?" అన్నాడు శ్రీపతి.

"నల్లదానికేం సామీ?" ఇన్నాళ్లకు జియావుల్లా నోరు తెరిచాడు. "పొద్దుటి నుంచి చెప్తాండా, నాకు రెండు పక్కలా సమంగానే ఇనపడ్తాందని. వెండిదాని నాబ్ ఎడమకు తిప్పుకుంటే మీకు సమం. నల్లదానికి ఆ నాబ్ లేదు, కాబట్టి అది పీనుగ. అంతే కదా?"

ప్రియదర్శిని బ్యాగు మూయబోతూ ఆగింది. "సార్, ఫోన్ ఏ చెవికి పెట్టుకుంటారు?"

"కుడి చెవికి. ఎందుకమ్మా?"

"ఎడమ చెవికి?"

"దాంట్లో ఫోన్ సరిగా ఇనపడదు. సిగ్నల్ ఉండదు."

"ఒక్క నిమిషం ఇట్ల తిరగండి."

చిన్న లైటు వేసి చూసింది. చుక్కల మందు వేసి, కాసేపు పడుకోబెట్టి, సన్నటి సాధనమేదో తీసి మెల్లగా పని మొదలుపెట్టింది. శ్రీపతి కళ్లు మూసుకుని బల్లను గట్టిగా పట్టుకున్నాడు. లోపల టప్‌మన్నట్టయింది.

ఫ్యాను కీచుమంది. ఎప్పటి నుంచి కీచుమంటోందో ఆయనకు తెలియదు. వీధిలో చీపుర్లమ్మేవాడి కేక ఎడమ వైపు నుంచి వచ్చింది. బిస్మిల్లా బీ గాజులు కూడా ఎడమ వైపే మోగాయి.

"జియా," అన్నాడు శ్రీపతి నెమ్మదిగా. "వెండిది పెట్టు."

వెండిది మోగింది. ఎడమ పక్క నుంచి వయొలిన్ చెంపమీద కొట్టినట్టు వచ్చి పడింది. కుడి పక్క ఎక్కడో ఊరవతల ఉంది. జియావుల్లా అడక్కుండానే నాబ్‌ను మధ్యకు తిప్పాడు. అప్పుడది ఉన్నదున్నట్టు వినిపించింది. బాగానే ఉంది. బాగానే ఉంది, అంతే. నల్లదైతే తీగ మీద కమాను ఆగి, మళ్లీ కదిలే ఆ చిన్న ఖాళీని కూడా వినిపించేది.

"నల్లదాన్ని ఇచ్చేస్తినే మీనాక్షీ."

"ఏడ్చుకుంటా తీసుకుపోయినోన్ని పిలిచి వెనక్కి ఇయ్యమంటారా? మర్యాదగా ఉంటాదా? ఒకటి పోవాల అనుకున్నాం, పోయినాది." ఆమె బ్రెడ్ల వైపు తిరిగింది. "నాకు తెలియాల్సింది ఒకటే. జమ్మలమడుగు నుంచి నేను, పులివెందుల నుంచి ఈ బిడ్డ, ఊర్లో సగంమంది. ఇంతమందిని ఏడిపించింది ఎవరు? పేరు చెప్పండి. ఈ బ్రెడ్లన్నీ వానికే తినిపిస్తా."

బిస్మిల్లా బీ శ్రీపతిని చూసింది. శ్రీపతి జియావుల్లాను చూశాడు. జియావుల్లా వెండిదాన్ని చూశాడు. ప్రియదర్శిని ఒక్కతే ఎవరినీ చూడకుండా చేతిలోని దూదిని వెలుతురుకు పెట్టి, ఎడమ చెవిలోంచి తీసిన చింతగింజంత నల్లటి ఉండను అందరికీ చూపించింది.

"గుబిలి."

బయట నల్లదాన్ని ఎక్కించుకున్న నరేష్ కారు భార్య కోసం హారన్ కొట్టింది. ఆ చప్పుడు శ్రీపతికి రెండు చెవులా సమంగా వినిపించింది.